కొత్త రీలుకు గులకరాళ్ల స్నానం

మా బావ వెర్లన్ టిడ్‌మోర్‌కు కొత్త వస్తువు కనబడితే చెయ్యి ఊరుకోదు. దాన్ని పాతది చేసేదాకా ఆయనకు తిండి సహించదు. అందులోనూ గేలపు కర్రకు బిగించే, దారం చుట్టుకునే రీలు తళతళలాడుతూ కనిపించిందా, ఇక దాని పని అయిపోయినట్టే. నదొడ్డున చేపల సామాన్ల కొట్టు ఆయనది. మా హార్పర్స్ బెండ్ హైస్కూలు తరఫున బాస్ చేపల పోటీలకు వెళ్లే పిల్లలందరికీ రీళ్లు ఎంచి ఇచ్చేది ఆయనే. అయినా ఆ కొట్లోంచి కొత్త రీలు కొత్తగా బయటికి రావడం చూసిన మనిషి మా జిల్లాలో లేడు.

ఆయన పద్ధతి ఇదీ. పెట్టెలోంచి రీలు తీస్తాడు. దుమ్ము లోపలికి పోకుండా కంతలన్నీ మైనంతో మూస్తాడు. పెద్ద కాఫీ డబ్బాలో ఏటి గులకరాళ్లు పోసి, రీలును వాటి మధ్య పడుకోబెట్టి, మూత బిగించి, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. చేతిలో పేపరు, కాలి కింద డబ్బా. పేపరు చదివినంతసేపూ డబ్బా ముందుకీ వెనక్కీ గడగడమని దొర్లుతూనే ఉంటుంది. తర్వాత కంపెనీ పేరును గరుకు కాగితంతో గీకి పారేసి, పడవలకు వేసే బూడిదరంగు పూస్తాడు. బంగారంలా లోపలికి వెళ్లింది కాల్చిన చిలగడదుంపలా బయటికి వస్తుంది. కొన్నవాళ్ల మొహాలు కూడా ఇంచుమించు అదే రంగుకు తిరుగుతాయి.

ఎందుకిలా అని అడగని వాడు లేడు. అడిగిన ప్రతివాడికీ మా బావ దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉంటుంది, కాకపోతే ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పడు. చర్చి పాస్టరు గారితో, "మెరిసే వస్తువు మనిషికి గర్వం తెస్తుందండీ" అన్నాడు. ఆయన మురిసిపోయి మరుసటి ఆదివారం ప్రసంగంలో వాడుకున్నాడు. చేపల శాఖ ఇన్‌స్పెక్టరుతో, "ఆ మెరుపు చూసి చేప బెదురుతుంది సార్" అన్నాడు. స్కూల్లో సైన్సు టీచరుతో, "తళతళలాడేదానికి ఎండ ఎక్కువ తగిలి లోపల గ్రీజు కరిగిపోతుంది" అన్నాడు. ఆవిడ పాపం ఇంటికెళ్లి పుస్తకాలు తిరగేసిందట.

నాతో మాత్రం, "కొత్త రీలు కీచుమంటుందిరా లామర్. గులకరాళ్లే దాని నోరు మూయించాలి" అన్నాడు.

"పాస్టరు గారితో గర్వం అన్నావు కద బావా?"

"గర్వం ఉన్నది కీచుమనదా? మీ అక్కని చూడు."

మా అక్క విల్డా లోపల్నించి, "వినపడుతోంది" అంది. మా బావ డబ్బా వేగం పెంచాడు.

మా అక్క కష్టాలు వేరే. ఆవిడ కొత్త మూకుడు తెస్తే, అది పొయ్యి ఎక్కక ముందే ఆయన ఇటుకపొడితో తోమేశాడు. కొత్త ట్రక్కు కొన్న రోజు దాన్ని ఏరికోరి మల్బరీ చెట్టు కింద నిలబెట్టి, పిట్టలన్నీ తమ వంతు పని కానిచ్చేదాకా కడగనివ్వలేదు. ఈస్టర్‌కు కొనుక్కున్న టోపీని అక్క మా ఇంట్లో దాచుకుని, చర్చికి వెళ్లే దారిలో వచ్చి పెట్టుకునేది. ఒకసారి నేను కొత్త బూట్లు వేసుకుని వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. మా బావ బూట్ల వంక చూశాడు. "ఇవాళ గాలి చల్లగా ఉంది కదూ" అంటూ దగ్గరికొచ్చాడు. వచ్చి, తన బురద బూటు తీసి నా బూటు మీద నిదానంగా ఆనించి, ఒక్క తిప్పు తిప్పాడు.

"ఇప్పుడు నడువు. ఇక భయపడుతూ నడవక్కర్లేదు" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ తర్వాత వాటితో హాయిగానే నడిచాను. ఆ మాట ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు.

రీలును పాడుచేయడం ఒక ఎత్తు, ఎవరికి ఏ రీలో ఎంచడం ఇంకో ఎత్తు. పిల్లలు రావడం రావడమే గోడకు వేలాడేవాటిలో అన్నిటికన్నా వేగంగా దారం లాగేది, అన్నిటికన్నా మెరిసేది చూపించి అది కావాలంటారు. మా బావ ఆ మాట వినపడనట్టే ఉండి, "పొద్దున ఏమన్నా తిన్నావా?" అంటాడు. తిన్నానన్నా లేదన్నా మా అక్క చేసిన బిస్కెట్లూ, మిరియాల గ్రేవీ కౌంటరు మీదికి వస్తాయి. పిల్లలు తింటారు. ఆయన చూస్తాడు. ఎంచడమంటే అంతే.

ఆ చూడటంలో ఉంది ఆయన లెక్కంతా. ఏ చేత్తో తీసుకున్నారో దాన్నిబట్టి రీలుకు పిడి ఏ పక్కన ఉండాలో తేల్చేస్తాడు. గబగబా మింగేసేవాడికి నెమ్మది రీలు, నెమ్మదిగా నమిలేవాడికి వేగం రీలు.

"ఆత్రగాడి చేతికి ఆత్రపు రీలిస్తే ఎర చేప ముందునించి రైలు బండిలా పోతుందిరా. చేప దానికి టాటా చెప్పడం తప్ప ఏం చేస్తుంది? నెమ్మదస్తుడికి చెయ్యి ఎలాగూ నెమ్మదే, వాడికి రీలు పరిగెత్తాలి."

"నా బిస్కెట్లు పెట్టి జాతకాలు చెబుతున్నాడు" అనేది మా అక్క.

తర్వాత బొటనవేలి పరీక్ష. ఎర విసిరినప్పుడు రీల్లో దారపు చుట్టను బొటనవేలితో సరిగ్గా సమయానికి అదమాలి. ఒక్క క్షణం ఆలస్యమైందా, దారమంతా పీచుమిఠాయిలా ఉబ్బి చిక్కుపడిపోతుంది. అందుకని కొట్లో ఆ చివర ఓ పాత టోపీ పెట్టి, ఈ చివర్నించి అందులోకి ఎర విసరమంటాడు. టోపీలో పడ్డవి తక్కువ. గోడ మీది జింకతల ముక్కుకూ చెవులకూ గుచ్చుకున్నవి ఎక్కువ. ఇప్పుడది జింకలా లేదు, పెళ్లికి ముస్తాబైనట్టుంది.

ఇప్పుడు నేను చెప్పబోయేది మా జట్టులో ఒక జోడీ సంగతి. ఈ పోటీల్లో పడవకు ఇద్దరు పిల్లలు, వాళ్లకు తోడు పడవ నడపడానికి ఓ పెద్దవాడు. ఆ పెద్దవాడు నడపొచ్చు, నోటితో సలహా చెప్పొచ్చు, గేలపు కర్రను మాత్రం వేలితో కూడా తాకకూడదు. తాకితే పిల్లలిద్దరూ పోటీలోంచి అవుటు. ఆ నోరున్న చేతుల్లేని ఉద్యోగం నాది. పిల్లలు కోల్బీ హాల్‌బ్రుక్, డార్సీ ప్రూయిట్.

కోల్బీ మొదటిరోజు కౌంటరు దగ్గర నిలబడి, మాట ఆపకుండా, నమలకుండా బిస్కెట్లు మింగాడు. మూడోది మింగేటప్పుడు మా అక్క భయపడి నీళ్లు తెచ్చింది. మా బావ వాడికి కొట్లోకెల్లా నెమ్మదైన రీలు తీసి, డబ్బాలో దొర్లించి, బూడిదరంగు పూసి ఇచ్చాడు. వాడు ఏడ్చినంత పని చేశాడు. తర్వాత దాంతోనే ఆ శిశిరమంతా బుట్టలకొద్దీ చేపలు పట్టాడు, అది వేరే విషయం.

డార్సీ కాగితపు రుమాలు ఒళ్లో పరుచుకుని, బిస్కెట్‌ను నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను గ్రేవీలో అద్దుకుని తింది. నవ్వలేదు, తొందరపడలేదు. టోపీలోకి ఎర వేస్తే నేరుగా టోపీలోనే పడింది. మా బావ మొహం వెలిగిపోయింది. ఆ అమ్మాయి గోడ మీది రీళ్ల వంక కూడా చూడకుండా, "మా అమ్మ చూసి రమ్మందండీ, అంతే. ఇవాళ కొనడానికి రాలేదు" అంది. వాళ్లమ్మ కోళ్ల ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు చేస్తుంది. ఇంట్లో ఇంకో ఇద్దరు చిన్నవాళ్లు.

"కొనమని ఎవరన్నారు?" అన్నాడు మా బావ. "కంపెనీ వాళ్లు పరీక్షకని ఒక రీలు పంపారమ్మాయ్. ఎవరన్నా ఏడాది పాటు వాడి, ఎలా ఉందో చెప్పాలట. నాకా ఓపిక లేదు. నీకుందా?"

డార్సీకి ఓపిక ఉంది. ఉద్యోగంలో చేరినట్టే చేరింది. వారం వారం కొట్టుకొచ్చి, కౌంటరు ముందు నిటారుగా నిలబడి, "వెర్లన్ గారూ, ఈ వారం బాగా పనిచేసిందండీ. చలికి పిడి కొంచెం బిగుసుకుంది" అని చెప్పేది.

"బిగుసుకుందా? సరే, కంపెనీకి రాస్తాను" అనేవాడు మా బావ, బహు గంభీరంగా. ఏ కంపెనీ అని మాలో ఎవరం అడగలేదు.

ఇక కోల్బీ వాళ్ల నాన్న రాండల్ హాల్‌బ్రుక్. పడవల వ్యాపారం. మా జట్టు పడవల్లో సగం ఆయన ఇచ్చినవే. మనిషి మంచివాడు, గొంతు పెద్దది. ఆయనకున్న లోపం ఒక్కటే, పడవ ఎక్కితే వాంతి చేసుకుంటాడు. పడవ రేవులో కట్టేసి ఉన్నా సరే. అందుకే ఆయన పడవను నేను నడుపుతాను, ఆయన ఒడ్డున నిలబడి చప్పట్లు కొడతాడు.

వసంతకాలపు ప్రాంతీయ పోటీ దగ్గరపడుతుండగా హాల్‌బ్రుక్ ఓ రోజు కొట్లోకి వచ్చాడు. కౌంటరు మీద నల్ల మఖమలు పెట్టె పెట్టి, "వెర్లన్, ముందు చేతులు వెనక్కి పెట్టుకో" అన్నాడు.

మా బావ పెట్టుకున్నాడు. హాల్‌బ్రుక్ పెట్టె తెరిచాడు. లోపల పచ్చగా, బంగారు రంగులో, ఉంగరంలా మెరుస్తూ ఒక రీలు. వేగంలో దాన్ని మించింది లేదట.

"మావాడికి. ప్రాంతీయ పోటీలో దీంతో దిగుతాడు."

"రాండల్, మీవాడు బిస్కెట్ ఎలా తింటాడో తెలుసా నీకు?"

"ఎలా తింటే నీకెందుకయ్యా? చూడు, ఈ రీలు నీ డబ్బాలోకి వెళ్లదు. నీ రంగు దీనికి అంటదు. దీని మీద ఒక్క గీత కనపడిందా, నా పడవ రేవులోంచే వెనక్కి తిరుగుతుంది. ఈ పోటీకీ రాదు, ఆపైన రాష్ట్ర పోటీకీ రాదు. మాటివ్వు."

మా బావ నా వైపు చూశాడు. పడవ రాకపోతే కోల్బీకి వాళ్ల నాన్న ఇంకో పడవ ఇస్తాడు, ఇంకో ఏడాది ఇస్తాడు. డార్సీకి ఎవరిస్తారు? ఆ పిల్ల ఏడాదంతా ఈ పోటీ కోసమే ఎదురుచూసింది. రాష్ట్ర పోటీదాకా వెళితే కాలేజీ జట్ల వాళ్లు చూస్తారని, చదువుకు దారి దొరుకుతుందని వాళ్లమ్మ ఆశ. అది మా బావకీ నాకూ తెలుసు.

"మాటిస్తున్నా" అన్నాడు మా బావ. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

ఆ వారం రోజులూ మా బావ పడిన అవస్థ పగవాడికి కూడా వద్దు. కోల్బీ ఆ రీలు తీసుకుని కొట్టుకొస్తే, ఆయన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. ఒకరోజు మా అక్కే ఆయన చేతులకు పొయ్యి దగ్గర వాడే మందపాటి తొడుగులు తొడిగింది. ఆ చేతుల్తోనే కాఫీ తాగాడు. ఖాళీ డబ్బాను కాలికింద వేసుకుని దొర్లిస్తూ ఉంటే చూసి నాకే జాలేసింది.

పోటీ రోజు తెల్లవారుజామున రేవంతా పడవలే. మా బావ నాకో బిస్కెట్ల డబ్బా ఇచ్చి, "ఆకలేస్తే తెరువు. ఊరికే తెరవకు" అన్నాడు. ఆయనకూ తెలుసు, ఆకలేసేదాకా నేను ఆగనని.

అక్కడ జరిగింది నేను కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను. అంతకుముందు ఏ పోటీకి వెళ్లినా, మా జట్టు పిల్లలు రేవులో నిలబడి నీళ్ల గురించి మాట్లాడుకునేవాళ్లు. నీరెంత బురదగా ఉంది, గాలి ఎటుంది, చేపలు నాచులో ఉన్నాయా రాళ్ల దగ్గరున్నాయా. ఆ రోజు కోల్బీ మఖమలు పెట్టె తెరవగానే నీళ్లను పట్టించుకున్నవాడు లేడు. అందరూ గుమిగూడారు. ఓహో అన్నారు. ఆ తర్వాత ఒకడు పక్కవాణ్ణి, "నీదే కంపెనీరా?" అన్నాడు. ఇంకొకడు గోటితో బూడిదరంగు గీకి అడుగున ఏముందో చూశాడు. "అయ్యో, నీది కిరాణా కొట్లో దొరికే రకం" అని ఎవరో నవ్వారు. నవ్వించుకున్న కుర్రాడు చెవులదాకా ఎర్రబడి, గేలపు కర్రను పడవ మూలకు తోసేశాడు.

డార్సీ తన రీలు చుట్టూ తువ్వాలు చుట్టేసి, "బొటనవేలు నొప్పిగా ఉందండీ లామర్ గారూ. మధ్యాహ్నం నించి పడతాను" అంది.

నేను ఒడ్డు వైపు చూశాను. మా బావ టీ కప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పిల్లల్నే చూస్తున్నాడు. ఆయన చెయ్యి జేబులోకి వెళ్లింది, అందులో గరుకు కాగితం ఉంటుందని నాకు తెలుసు. మళ్లీ ఖాళీగా బయటికొచ్చింది. ఇన్నేళ్లూ ఆ డబ్బా ఎందుకు దొర్లిందో నాకు అప్పుడు తెలిసింది. చేపా కాదు, ఎండా కాదు, గ్రీజూ కాదు. ఎవరిది కొన్నదో, ఎవరికి ఊరికే ఇచ్చాడో, ఎవరిది ఇంకొకరు వాడి వదిలేసిందో తోటివాళ్లకు తెలియకూడదు, అంతే.

నీళ్ల మీదికి వెళ్లాం. కోల్బీ బంగారు రీలుతో విసిరాడు, లాగాడు. మళ్లీ విసిరాడు, మళ్లీ లాగాడు. మా బావ చెప్పిన రైలు బండి నాకు స్పష్టంగా కనిపించింది. ఒక్క చేపా ముట్టలేదు. ఎండెక్కింది. వాడికి చిరాకెక్కి గట్టిగా విసిరేసరికి బొటనవేలు తప్పింది, దారమంతా ఉబ్బి ఉండ కట్టింది. నాకు తెలియకుండానే నా చెయ్యి ఆ కర్ర మీదికి వెళ్లింది.

"లామర్ గారూ, చేతులు" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

నేను చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. మా బావ వారం రోజుల అవస్థ ఏమిటో అప్పుడు అర్థమైంది.

కోల్బీ చిక్కు విప్పలేక విసుగొచ్చి, "డార్సీ, నీది ఇలా ఇవ్వు. నీకెలాగూ వేలు నొప్పిగా" అన్నాడు.

"వద్దు."

"ఏం?"

డార్సీ నీళ్ల వైపు చూస్తూ చెప్పింది. "నాది కొన్నది కాదు. కంపెనీ పరీక్షకి పంపింది. చవక రకమే అయ్యుంటుంది. నీ పక్కన అది తీస్తే అందరూ చూస్తారు."

"ఇక్కడెవరున్నారు చూడ్డానికి? రెండు బాతులూ లామర్ గారూ."

"లామర్ గారు చూడరా?"

"కళ్లజోడు లేకపోతే ఆయనకి బాతులే కనపడవు."

డార్సీకి నవ్వొచ్చింది. తువ్వాలు విప్పి ఇచ్చింది. వాడు తన చేతికి తగ్గట్టు బిగువు సరిచేసుకుందామని పక్క మూత తెరిచాడు. తెరిచి అలాగే ఉండిపోయాడు. మా బావ రంగు బయటికే కదా. లోపలంతా పచ్చగా, బంగారు రంగులో మెరిసిపోతోంది. వాడు తన రీలు మూత కూడా తెరిచి పక్కన పెట్టాడు. రెండింటి లోపలా అదే పేరు, అదే నంబరు.

"డార్సీ, నీదీ నాదీ ఒకటే."

డార్సీ రెండింటినీ మార్చి మార్చి చూసింది. "పరీక్షకి ఇంత మంచిది పంపుతారా లామర్ గారూ?"

"పంపుతారేమోనమ్మా" అన్నాను. "పెద్ద కంపెనీ అయ్యుంటుంది."

ఆ పిల్ల నా మొహంలోకి చాలాసేపు చూసింది. నేను ఏం చేయాలో తోచక బిస్కెట్ల డబ్బా తెరిచాను. పైన బిస్కెట్లు, అడుగున గుడ్డలో చుట్టి కోల్బీ పాత బూడిదరంగు రీలు. వాడది ఎక్కడో పారేశాడనుకున్నాను. మా బావ ఏరుకుని దాచాడన్నమాట. కోల్బీ దాని మూత కూడా ఊడదీశాడు. లోపల వట్టి నల్ల ప్లాస్టిక్. కొట్లో గుమ్మం పక్కన, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం గుత్తిగా వేలాడదీసే రకం.

"ఈయన నాకు అన్నిటికన్నా చవకది అంటగట్టాడు" అన్నాడు కోల్బీ. "శిశిరమంతా నేను పట్టింది దీంతోనా?"

"నువ్వు బిస్కెట్ ఎలా తిన్నావో మరి" అంది డార్సీ.

వాడు పగలబడి నవ్వాడు. బంగారు రీలు ఊడదీసి తువ్వాల్లో చుట్టి పెట్టేసి, పాతది బిగించుకున్నాడు. డార్సీ తనది తీసుకుంది. వేలు నొప్పి సంగతి ముగ్గురం మర్చిపోయాం.

కోల్బీ రాళ్ల వెంట నెమ్మదిగా, ఇష్టం లేకపోయినా నెమ్మదిగా లాగాడు, ఆ రీలు వాణ్ణి అంతకన్నా తొందరపడనివ్వదు. చేప తగిలింది. ఇంకొకటి తగిలింది. తూకానికి అయిదు చేపలు కావాలి. గడువు దగ్గరపడేసరికి పడవలోని నీళ్ల తొట్టిలో నాలుగున్నాయి. డార్సీ ఎవరింటి ముందో నీళ్లలోకి కట్టిన చెక్క వంతెన కిందికి, నీడలోకి, చప్పుడు కాకుండా ఎర వేసింది. పట్టిన చేప పెద్దది. అది అవతలికి పారిపోకుండా నేరుగా పడవ మీదికే దూసుకొచ్చింది. అలా వచ్చినప్పుడు దారం వదులైతే చేప గేలాన్ని ఉమ్మేసి పోతుంది. డార్సీ చెయ్యి కంగారుపడలేదు, తన లెక్కన తను తిప్పింది, రీలు మాత్రం పరిగెత్తి దారాన్ని లాగేసుకుంది. కోల్బీ వల పట్టాడు. నేను చేతుల మీద కూర్చుని ప్రార్థన చేశాను.

ఒడ్డున తూకం వేశారు. రాష్ట్ర పోటీకి వెళ్లే జోడీల్లో చిట్టచివరి పేరు మాది. అయినా పేరు పేరే.

హాల్‌బ్రుక్ చప్పట్లు కొట్టుకుంటూ వచ్చాడు. "చూశావా వెర్లన్, నా బంగారం ఏం చేసిందో" అంటూ కొడుకు చేతిలోని కర్ర వంక చూసి ఆగిపోయాడు. కోల్బీ తువ్వాల్లోంచి బంగారు రీలు తీసి మా బావ ముందు పట్టుకున్నాడు.

"దీన్ని కూడా రుద్దిపెట్టండి వెర్లన్ గారూ."

మా బావ రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు. "నావల్ల కాదు నాయనా. మీ నాన్నకి మాటిచ్చాను. పడవ కావాలి మీకు."

"ఏంట్రా ఇది?" అన్నాడు హాల్‌బ్రుక్.

"నాన్నా, పొద్దున నేనిది బయటికి తీశాక మా జట్టులో ఒక్కరు కూడా నీళ్ల గురించి మాట్లాడలేదు. అటు చూడు."

హాల్‌బ్రుక్ చూశాడు. పొద్దున నవ్వులపాలైన కుర్రాడు చేపలు బాగానే పట్టాడు, అయినా తూకం దగ్గర గేలపు కర్రను వీపు వెనక దాచుకుని నిలబడి ఉన్నాడు. హాల్‌బ్రుక్ ఆ పెద్ద గొంతు తగ్గించి, "వెర్లన్, ఇన్నేళ్లూ నువ్వు..." అన్నాడు.

"అబ్బే, అదేం కాదు" అన్నాడు మా బావ కంగారుగా. "మెరుపు చూసి చేప బెదురుతుంది."

"నాతో తుప్పు అన్నావు" అన్నాడు రాండల్.

"తుప్పు కూడా పడుతుంది."

"నాతో కీచుమంటుందన్నావు" అన్నాను నేను.

మా బావ నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. జన్మలో మొదటిసారి ఆయనకు కారణం దొరకలేదు. అప్పుడే డార్సీ ఆయన ముందుకొచ్చి, ఎప్పట్లాగే నిటారుగా నిలబడింది.

"వెర్లన్ గారూ, ఈ వారం రీలు చాలా బాగా పనిచేసిందండీ. కంపెనీకి నా థాంక్స్ కూడా రాయండి" అంది. అని, కౌంటరు ముందు ఎన్నడూ నవ్వని ఆ పిల్ల ఆయన మొహంలోకి చూసి నవ్వింది.

"రాస్తానమ్మాయ్" అన్నాడు మా బావ, చెవులు ఎర్రబడిపోయి. పక్కనే నిలబడ్డ మా అక్క చేతిసంచీలో దేనికోసమో తెగ వెతకడం మొదలుపెట్టింది.

హాల్‌బ్రుక్ నేరుగా మా బావ ట్రక్కు దగ్గరికి వెళ్లి, కాఫీ డబ్బా తెచ్చి, కొడుకు చేతిలోంచి బంగారు రీలు తీసుకుని అందులో పడేయబోయాడు.

"ఆగాగు" అని మా బావ అరిచాడు. "ముందు మైనం పెట్టాలయ్యా. పడవలమ్మే మనిషివి, ఆ మాత్రం తెలీదా?"

కంతలన్నిటికీ మైనం పెట్టి, గులకరాళ్ల మధ్య పడుకోబెట్టి మూత బిగించాక హాల్‌బ్రుక్, "ఎంతసేపు?" అన్నాడు.

"ఓ గ్లాసు టీ తాగేంతసేపు."

హాల్‌బ్రుక్ మడత కుర్చీలో కూర్చుని, డబ్బా మీద కాలు వేసి దొర్లించాడు. గడగడమని ఆ చప్పుడు వినగానే పిల్లలంతా చుట్టూ చేరారు. దొర్లిస్తున్నకొద్దీ ఆయన మొహంలోకి ఏదో సంతోషం వచ్చింది. ఆ రోజు కోసమే కొనుక్కున్నట్టున్నాడు, కాళ్లకు సరికొత్త బూట్లు, నిప్పుకోడి తోలువి, మొహం చూసుకోవచ్చు.

మా బావ ఆ బూట్ల వంక చూశాడు. రెండు అడుగులు దగ్గరికి వేశాడు.

"రాండల్, ఇవాళ గాలి చల్లగా ఉంది కదూ" అన్నాడు.

నేను ఎందుకైనా మంచిదని నా కాళ్లు వెనక్కి లాక్కున్నాను.